గుడ్డ గది దాటలేదు

పరిశోధన సంస్థ, గ్రంథాలయం పక్క గది
మార్చి 4

గౌరవనీయులైన బావగారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. సంస్థ పెట్టి యాభై ఏళ్లవుతున్న సందర్భంగా ఒక చరిత్ర పుస్తకం వేస్తున్నారు. పదవి దిగి ఖాళీగా ఉన్నాను కదా అని ఆ పని నాకు అప్పగించారు. ఏడో అధ్యాయం మన పరారుణ ఫిల్టర్ల గురించి. అందులో మీ పని ప్రస్తావన వస్తుంది కాబట్టి అచ్చుకి ఇచ్చేముందు మీకు చూపించడం ధర్మమనిపించింది. చిత్తుప్రతి జతపరిచాను.

నలభై మూడో పేజీలో ఒక వాక్యం మీకు నచ్చకపోవచ్చు. అది ఆనాటి విచారణ నివేదికలో ఉన్నదే. నేను కొత్తగా చేర్చింది లేదు.

అక్క పోయాక మనం కలుసుకోలేదు. మూడేళ్లు దాటింది. మీ అభిప్రాయం నెలాఖరులోగా తెలియజేయగలరు.

ఇట్లు
మీ బావమరిది

*

కళ్లజోళ్ల దుకాణం పై గది
మార్చి 11

ఒరేయ్ బావమరిదీ,

నేనెప్పట్నుంచి ‘గౌరవనీయులు’ అయ్యానురా? నన్ను గాజులు కడిగే గదిలోకి తోసిన రోజునా, నువ్వు విభాగాధిపతి కుర్చీలోంచి ఇంకా పెద్ద కుర్చీలోకి జరిగిన రోజునా? పదహారేళ్ల వయసులో రేకుపెట్టె మోసుకొచ్చి ‘బావా, హాస్టల్లో నల్లులు’ అని మా ఇంట్లో ఆరేళ్లు తిష్ఠ వేసినప్పుడు నేను ‘నువ్వు’నే. నాకు వ్యతిరేకంగా సంతకం పెట్టిన పొద్దున కూడా ‘బావా, కలం ఉందా’ అని నా కలమే అడిగి పుచ్చుకున్నావు.

చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు రాసిన చరిత్రలు చాలా చదివినవాణ్ని, రాజులవీ, రైల్వేలవీ, బ్యాంకులవీ. మంచి జరిగితే అక్కడ ఎవరో ఒక పెద్దమనిషి ఉంటాడు. చెడు జరిగితే ఎవడూ ఉండడు, వాన పడినట్టు దానంతటదే పడుతుంది. నీదీ ఆ కోవలోదే.

ముందు నీ శాస్త్రం సంగతి. ‘ద్రవ స్ఫటికములు కాంతిని వడకట్టును’ అని రాశావు. టీ వడకట్టినట్టా? ఆ పుస్తకం చదివే పిల్లల్ని తలుచుకుంటే జాలేస్తోంది. ఇలా రాయి. ఆ పదార్థంలో అణువులు సన్నటి పుల్లల్లా ఉంటాయి. నీళ్లలా పారతాయి, కానీ పక్కపక్కన ఒకే దిక్కుకి పడుకుంటాయి. ఏ దిక్కుకి పడుకోవాలో వాటికి చెప్పేది గాజు. గాజుకి చెప్పేది దాని మీది పూతని ఒకేవైపు రుద్దిన వెల్వెట్ గుడ్డ. గుడ్డకి చెప్పేది చెయ్యి. అలా రుద్దిన రెండు గాజుల మధ్య పుల్లల్ని నింపి కరెంటు పెడితే అవి లేస్తాయి. ఎంత వోల్టేజి పెడితే అంత లేస్తాయి. లేచినకొద్దీ లోపలినుంచి బయటపడే కాంతి అల మారుతుంది. అలాంటి జతలు అయిదు, మధ్య మధ్య ఒక్క దిక్కు కాంతినే వదిలే ధ్రువణ పలకలతో వరసగా పేరిస్తే, రేడియోలో స్టేషను తిప్పుకున్నట్టు మనకి కావలసిన అలని తిప్పుకోవచ్చు.

మామూలు వెలుతురుకి పొర పల్చగా ఉన్నా చాలు. కంటికి కనపడని పరారుణం అల పొడుగు, దానికి పొర మందం కావాలి. మందం పెరిగేకొద్దీ గాజుగోడ చెప్పిన మాట నడిమధ్య పడుకున్నవాళ్లకి వినపడదు. అందుకే అక్కడ రుద్దడంలో ఉంది ప్రాణమంతా. యంత్రం రుద్దితే చారలొచ్చాయి. నేను రుద్దితే రాలేదు. ఈ ముక్క నీ అధ్యాయం మొత్తంలో ఎక్కడా లేదు.

ఇక నలభై మూడో పేజీ. ‘గాజు రుద్దు పనివాని అజాగ్రత్త వలన ఫిల్టరు విఫలమై, ఒక ప్రాణనష్టము సంభవించినది.’

ఆ ప్రాణం ఒక ఫిట్టరుది. ముప్పై నాలుగేళ్లవాడు. ఇద్దరు ఆడపిల్లలు. వాసన లేని, కంటికి ఆనని వాయువు కర్మాగారం పైపుల్లోంచి కారితే మన కెమెరా తెర మీద నల్లటి పొగలా కనపడాలి. ఆ వాయువు ఏ అలని మింగుతుందో సరిగ్గా ఆ అల దగ్గర ఫిల్టరు నిలబడితేనే కనపడుతుంది. బిగించిన ఏడు నెలలకి మన ఫిల్టరు పక్క అలకి జారిపోయింది. తెర తేటగా ఉంది. తెర చూసుకుని, నమ్మి, అతను ఆ పైపులున్న గోతిలోకి దిగాడు.

నా చెయ్యి జారలేదు. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను. పూత బాగుంది, చెయ్యి బాగుంది, గుడ్డ గది దాటలేదు. నువ్వు అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఎక్కడి తప్పో తెచ్చి నా చేతికి పూసి ఫైలు కట్టేశావు. ఇరవై నాలుగేళ్లు మోశాను. ఫైలంటే బీరువాలో పడి ఉంటుంది, చెదలైనా తింటాయి. పుస్తకం అలా కాదు. నేను పోయాక కూడా అది ఏదో ఒక అరలో కూర్చుని నన్ను హంతకుడనే అంటుంది. ఆ వాక్యం తీసెయ్. నీ దగ్గర్నుంచి నాకు కావలసింది అదొక్కటే.

బావ

*

గ్రంథాలయం పక్క గది
మార్చి 23

బావా,

సరే, ‘నువ్వు’. నీ ఉత్తరం చదువుతూ చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆ తర్వాత నవ్వలేకపోయాను.

నువ్వు చెప్పిన శాస్త్రం నీ మాటల్లోనే దింపేశాను, పుల్లలూ, గోడా అన్నీ. చేత్తో రుద్దడం గురించి ఒక పూర్తి పేజీ చేర్చాను. యంత్రం చేయలేనిది నువ్వు చేశావని స్పష్టంగా రాశాను. చదివితే నీకే తృప్తిగా ఉంటుంది.

ఆ వాక్యం మాత్రం తీయలేను. నివేదికలో ఉన్నది పుస్తకంలో లేకపోతే ఎందుకు లేదని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్లు తవ్వుతారు. ఇప్పుడు తవ్వడం వల్ల ఎవరికీ మేలు లేదు. ‘పనివాని అజాగ్రత్త’ అన్నచోట ‘చేతిపనిలో లోపం’ అని మారుస్తాను. నీ పేరు ఎక్కడా ఉండదు.

ఇంతకుమించి నన్ను అడగకు బావా. నా మోకాళ్లు పోయాయి. ఒక్క అంతస్తు ఎక్కాలన్నా మధ్యలో కూర్చుంటున్నాను. అక్క ఫోటో ఒకటి పెద్దది చేయించాను. మన పాత ఇంటి వరండాలో కుట్టుమిషను ముందు కూర్చున్నది. కావాలంటే నీకూ ఒకటి పంపుతాను.

నీ
బావమరిది

*

కళ్లజోళ్ల దుకాణం పై గది
ఏప్రిల్ 2

ఒరేయ్,

‘అజాగ్రత్త’ తీసి ‘లోపం’ పెడతానంటావా? ఉరి ఖాయం గానీ తాడుకి వెన్న రాయిస్తాను అన్నట్టుంది. ఆ పొగడ్తల పేజీ కూడా నాకు తెలుసులే. దూడని కట్టేసేముందు మెడ నిమురుతారు.

తవ్వితే ఎవరికీ మేలు లేదంటావు. నాకు ఉంది. నీకు లేదేమో.

విను. ఆ ఫిల్టరు కోసం ఒకే వారంలో ఆరు జతలు రుద్దాను. అయిదు కెమెరాలోకి పోయాయి. ఆరోది మిగులు. నన్ను గాజులు కడిగే గదికి మార్చి సొరుగు ఖాళీ చేయమన్నప్పుడు దాన్ని చొక్కా జేబులో వేసుకుని వచ్చేశాను. ఇరవై నాలుగేళ్లుగా నా దగ్గరే ఉంది. అంచులు మూసే ఉన్నాయి. లోపలిది లోపలే ఉంది.

మీ సంస్థలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఉంది చూడు, నేను పిచ్చుక అంటాను. గుప్పెడంత ఉంటుంది, మాట మాత్రం గడగడా పోతుంది. మందపు పొరల్లో చారలు ఎందుకొస్తున్నాయో తెలియక, నా గురించి ఎవరి దగ్గరో విని, పోయిన ఏడు ఇక్కడిదాకా రైలెక్కి వచ్చింది. కింద దుకాణంలో అద్దాలు అరగదీసే బల్ల మీద రెండు రోజులు కూర్చోబెట్టి రుద్దడం చూపించాను. ‘మాస్టారూ, మీ మీద ఏదో నివేదిక ఉందట కదా’ అని మొహం మీదే అడిగింది. నచ్చింది నాకు. మీ ఎవరికీ అంత ధైర్యం లేదు.

ఆ జతని ఆ పిల్లకి ఇస్తాను. తెరిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, గీతలు తిన్నగా ఉన్నాయో వంకరగా ఉన్నాయో చెబుతుంది. తిన్నగా ఉంటే నా చెయ్యి బాగున్నట్టే. ఆ కాగితం తెచ్చి నీ నలభై మూడో పేజీ మీద అంటిస్తాను.

ఫోటో నాకు వద్దు. ఆవిడ నాకు ఫోటో లేకుండానే కనపడుతుంది.

బావ

*

ఇల్లు
ఏప్రిల్ 8

బావా,

ఆ గాజు ఎవరికీ ఇవ్వకు. ఈ ఉత్తరం అందేసరికి ఇంకా నీ దగ్గరే ఉందని ఆశపడుతున్నాను.

ఆ వాక్యం తీసేస్తాను. పేరా మొత్తం తీసేస్తాను. ఏడో అధ్యాయమే వద్దంటే అదీ తీసేస్తాను. ఎవరేమని అడిగినా నేను చెప్పుకుంటాను. గాజు మాత్రం తెరిపించకు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఇది మాటవరసకి అంటున్నది కాదు.

బావమరిది

*

కళ్లజోళ్ల దుకాణం పై గది
ఏప్రిల్ 15

ఒరేయ్,

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. నెల్లాళ్లు ఒక్క వాక్యం తీయలేనన్నవాడివి ఒక్క గాజుముక్క పేరెత్తగానే అధ్యాయమే తీసేస్తానంటున్నావు. ఇప్పుడు నాకు అర్థమైంది. ఆ ముక్కలో ఏముందో నీకు ముందే తెలుసు. పూత నాసిరకం కొన్నావా? పదార్థంలో ఏదైనా కలిసిందా? ఎవరు అమ్మారు, ఎవరు సంతకం పెట్టారు?

నీ బేరం నాకక్కర్లేదు. పోయిన నెల అయితే వాక్యం తీసేస్తే చాలనేవాణ్ని. ఇప్పుడు దాని చోట నిజం కావాలి. నువ్వు రాయి, నేను చదువుతాను.

పిచ్చుక పదో తారీఖునే వచ్చి పట్టుకుపోయింది. దూది చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని సంచిలో కాకుండా చేతిలో పట్టుకుని వెళ్లింది. పనిమంతురాలు.

బావ

*

కళ్లజోళ్ల దుకాణం పై గది
జూన్ 3

పిచ్చుక రాసింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

‘మాస్టారూ, మీ గీతలు చూసి మా గదిలో అందరం వరసగా నిలబడి ఒకరి తర్వాత ఒకరం చూశాం. ఒక్కటి వంకర లేదు. చేతిది కాదు తప్పు. కానీ గీతల పొడుగునా నీలం రంగు రేణువులున్నాయి. వాటితోపాటు సబ్బు జిడ్డు. ఆ జిడ్డు మీద పుల్లలు పడుకోకుండా మెల్లగా లేచిపోతాయి. రేణువుల్లోంచి ఊరే ఉప్పు నెలల తరబడి వోల్టేజిని తినేస్తుంది. అల జారింది అందుకే. ఇవి ప్రయోగశాలలో ఉండేవి కావు. ఇంట్లో తెల్లబట్టలకి పెట్టే నీలిమందు ఇది. మీ గుడ్డని ఎవరో ఉతికారు మాస్టారూ.’

మా ఇంట్లో తెల్లబట్టలకి నీలిమందు పెట్టినదెవరో నీకు తెలుసు. నీ చొక్కాలకి కూడా ఆరేళ్లు పెట్టింది.

నీకెప్పుడు తెలుసు?

గుడ్డ ఇంటికి ఎలా వచ్చిందని మాత్రం నన్ను అడగకు.

*

ఇల్లు
జూన్ 10

బావా,

విచారణ రెండో రోజు నుంచి తెలుసు.

ఆ సాయంత్రం అక్క ఆఫీసుకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. కుర్చీ లాగితే కూర్చోలేదు. ‘గాజు మీద రుద్దే గుడ్డ ఎలా ఉంటుందిరా?’ అంది. చెప్పాను. ‘జానెడు ఉంటుందా? తెల్లగా? అంచు కుట్టకుండా?’ అంది. అవునన్నాను. అప్పుడు కూర్చుంది.

నీ చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికిందట. మాసి ఉందట. కుట్టుపని చేసే మనిషి కదా, మంచి గుడ్డ అని చూడగానే తెలిసి, దాన్ని విడిగా మెత్తగా పిండి, నీలిమందు పెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, మడిచి మళ్లీ అదే జేబులో పెట్టిందట. నీకు చెప్పాల్సినంత పని అనుకోలేదు. మర్నాడు నువ్వు పనిలోకి వచ్చి నాతో ఏమన్నావో నాకు బాగా గుర్తు. ‘ఇవాళ గుడ్డ చెప్పిన మాట వింటోందిరా’ అన్నావు. ఆ వారమే ఆ ఆరు జతలూ రుద్దావు.

‘ఆయనకి చెప్పకురా, ఆయన గుండె తట్టుకోదు’ అంది అక్క. అందుకే చెప్పలేదు. ఏ ముక్క రాస్తే విచారణ గుడ్డ వైపు వెళ్లకుండా ఆగుతుందో ఆ ముక్క రాశాను. చేతిలో లోపమంటే ఇక ఎవరూ గుడ్డ గురించి అడగరు.

నా స్వార్థం లేదని చెప్పను. గుడ్డలు ఎన్నిసార్లు వాడుతున్నారో, ఎక్కడ పెడుతున్నారో రోజూ చూసి లెక్కపుస్తకంలో రాసుకోవలసింది విభాగాధిపతినైన నేను. ఆ పుస్తకంలో ఎనిమిది నెలలు ఖాళీ. గుడ్డ సంగతి వస్తే ఆ పుస్తకమూ వచ్చేది.

ఇంకొకటి. అక్క ప్రతి నెలా రెండో ఆదివారం సంచి పట్టుకుని వెళ్లేది గుర్తుందా? ‘ఊళ్లో అందరికీ కుట్టిపెట్టు, మన కర్టెన్లు మాత్రం చిరిగి వేలాడనీ’ అని నువ్వు ఎగతాళి చేసేవాడివి. ఆ సంచిలో ఉండేవి ఆ ఫిట్టరు కూతుళ్ల బట్టలు. పోయేదాకా కుట్టింది. పెద్ద పిల్లకి ఉద్యోగం వచ్చాక కూడా.

ఇరవై నాలుగేళ్లు నువ్వు నన్ను తిట్టావు. తిట్టించుకోవడం నాకు తేలికగానే ఉండేది. తప్పు ఎంతో కొంత నాదీ ఉంది కదా అని.

బావమరిది

*

కళ్లజోళ్ల దుకాణం పై గది
జూన్ 27

ఒరేయ్,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చించాను. కింద దుకాణంవాడు ‘కాగితాల వ్యాపారం పెట్టారా తాతా’ అని అడిగాడు. వాణ్ని కూడా తిట్టాను.

నా ఇంట్లో, నా కంచం ముందు, మీరిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారన్నమాట. నేను నిన్ను దొంగనీ, పిరికివాడనీ, ఎక్కిన మెట్టుని తన్నేవాడనీ అంటుంటే ఆవిడ తల వంచుకుని వడ్డిస్తూ ఉండేది. తమ్ముణ్ని అంటున్నానని బాధేమో అనుకుని నేను ఇంకా నాలుగు అనేవాణ్ని. రెండు దశాబ్దాలు నేను కొట్టింది ఖాళీ గోడనిరా. పోట్లాడాల్సిన మనిషి పక్కనే ఉండి పోట్లాటకి దొరకకుండా పోయింది. ఇప్పుడు ఎవరితో పోట్లాడను, నువ్వు పెద్దది చేయించిన ఫోటోతోనా?

సరే. నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేను ఒకటి చెబుతాను. విచారణలో ‘గుడ్డ గది దాటలేదు’ అని చెప్పాను. మొన్న మార్చిలో కూడా నీకు అదే రాశాను. అది అబద్ధం. పాత సరుకులో అది చివరి ముక్క. తర్వాత వచ్చినదంతా గోనెపట్టాలా ఉండేది. అక్కడ వదిలితే రెండో షిఫ్టులో ఆ మొద్దుచేతులవాళ్లు పాడు చేస్తారని రోజూ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ని. వంద రుద్దులకి పారేయాలని నియమం. నేను నాలుగు వందలు దాటించాను. నా అంతటివాడికి నియమాలేమిటని. ఇంటికి తెస్తే ఏమీ కాదని నేను ఎంత నమ్మానంటే, అది అబద్ధమన్న సంగతే నాకు గుర్తుండేది కాదు.

కానీ నువ్వు రాసినదాంట్లో కూడా ఒక అబద్ధం ఉంది. ‘ఆయన గుండె తట్టుకోదు’ అన్నది మీ అక్క మాట కాదు. నలభై నాలుగేళ్లు కాపురం చేశాను. ఆ మనిషి నోట ‘గుండె’ అనే మాట డాక్టరు దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. అది నువ్వు అతికించింది. పుస్తకాలు రాసి రాసి నీకు అలవాటైపోయింది. ఆవిడ ఏమందో అది రాయి. మెత్తబరచకు.

బావ

*

ఇల్లు
జూలై 9

బావా,

వద్దనుకున్నాను. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను.

‘చెప్పేద్దాం అక్కా, బావ ఉద్యోగమైనా నిలుస్తుంది’ అన్నాను. అప్పుడు అంది:

‘ఉద్యోగం పోతే పోనీరా. చేతిలో పనున్నవాడు, ఇంకోచోట బతుకుతాడు. ఇది ఆయనకి తెలిస్తే నాకు పోయే చోటు లేదు. కూరలో ఉప్పెక్కువైతే మూడు రోజులు అంటాడు. దీనికి చచ్చేదాకా అంటాడు. కొట్టడు, అరవడు, అంటాడు. అన్నం పెడుతుంటే అంటాడు, పక్కింటివాళ్ల ముందు నవ్వుతూ అంటాడు. నావల్ల ఒక మనిషి పోయాడు. అది మోస్తాను. దాని పైన ఆయన మాట కూడా మోయమంటే నావల్ల కాదు.’

నేను ‘బావ అంత చెడ్డవాడు కాదక్కా’ అన్నాను. ‘చెడ్డవాడని ఎవరన్నార్రా? నోరు’ అంది. లేచి, కళ్లు తుడుచుకుని, నా బల్ల మీద చెదిరిన కాగితాలు సర్ది వెళ్లిపోయింది.

ఇంతే జరిగింది. ఒక్క మాట కూడా కలపలేదు, తీయలేదు.

నాకు ఒక సందేహం ఎప్పుడూ ఉండేది. నిజంగా చెప్పి ఉంటే నువ్వు ఏం చేసి ఉండేవాడివి? అడుగుతున్నానని అనుకోకు. జవాబు రాయనక్కర్లేదు.

ఏడో అధ్యాయం ఆపి ఉంచాను. నువ్వు ఎలా చెబితే అలా.

బావమరిది

*

రైల్వే స్టేషను, వెయిటింగు గది
సెప్టెంబరు 19

ఒరేయ్,

రెండు నెలలు జవాబు రాయలేదు. నీ సందేహానికి జవాబు వెతుకుతున్నానని అనుకున్నావేమో. అది వెతకాల్సినంత దూరంలో లేదు. అని ఉండేవాణ్ని. ఆవిడ చెప్పినట్టే, అన్నం పెడుతుంటే అని ఉండేవాణ్ని. పోయిన వారం పిచ్చుక తను రుద్దిన గాజు ఒకటి పంపి ఎలా ఉందని అడిగింది. ‘కోడి కెలికినట్టుంది’ అని రాసి, పోస్టు చేశాను. చేశాక పోస్టుబాక్సు ముందు చాలాసేపు నిలబడ్డాను. లోపల పడ్డది బయటికి రాదు. కాబట్టి నేను మారానని ఎవరికీ చెప్పకు.

పుస్తకం సంగతి. నలభై మూడో పేజీలో ఇలా పెట్టు: ‘గాజు రుద్దిన వ్యక్తి నియమాన్ని మీరి గుడ్డను ప్రతిరోజూ ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ అది సబ్బు తగిలి చెడింది. విచారణలో అతను గుడ్డ గది దాటలేదని అబద్ధం చెప్పాడు. ఆ ఫిల్టరును నమ్మి ఒక ఫిట్టరు చనిపోయాడు.’ దాని కింద ఖాళీగా ఉన్న ఆ ఎనిమిది నెలల లెక్కపుస్తకం గురించి నీ వాక్యం నువ్వు రాసుకో. రాయకపోతే నేనేమీ చేయను. మీ అక్క ప్రస్తావన ఎక్కడా వద్దు. ఉతకడం తప్పు కాదు. మాసిన గుడ్డ జేబులో దొరికితే ఎవరైనా ఉతుకుతారు.

ఇక్కడికి ఎందుకు వచ్చానంటావా? ఆ ఫిట్టరు ఇల్లు ఇక్కడే. పుస్తకంలో రాసుకునేముందు అతని భార్యకి నోటితో చెప్పాలనిపించింది. సందు చివర రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కుర్చీ వేసుకుని తెల్లజుట్టావిడ ఏదో ఏరుకుంటోంది. ‘ఎవరు కావాలి?’ అంది.

‘నేను ఆ గాజు రుద్దినవాణ్నమ్మా’ అన్నాను.

ఏరడం ఆపి ఎగాదిగా చూసింది. ‘ఓహో, ఆవిడ భర్తా’ అంది. నేను గాజు అన్నాను, ఆవిడ భర్తా అంది. ‘మీ ఆవిడ పోయినప్పుడు ఒక్క కబురైనా పంపలేదు. నాలుగు నెలలు ఆ రెండో ఆదివారం కోసం ఎదురుచూశాం. చివరికి చిన్నది వచ్చి మీ పాత ఇంటి వీధిలో వాకబు చేసుకుని తెలుసుకుంది’ అంది.

నేను వచ్చిన పని మొదలుపెట్టాను. గుడ్డ, జేబు అని రెండు మాటలు అన్నానో లేదో చెయ్యెత్తి ఆపింది.

‘ఉతికిన సంగతేగా? మొదటిసారి వచ్చినరోజే చెప్పింది. మా ఆయన పోయి నలభై రోజులు కూడా కాలేదు అప్పటికి. మొహం మీద తలుపేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ వేశాను. నాలుగోసారి ఎండలో నిలబడితే మా పెద్దది మంచినీళ్లిచ్చింది.’

నాకు ఎందుకు చెప్పలేదో మీతో ఏమైనా అందా అని అడిగాను. ఎంత సిగ్గుచేటు చూడు, నా పెళ్లాం మనసులో మాట చచ్చినవాడి పెళ్లాన్ని అడుక్కోవడం.

‘నేనూ అడిగాను. ఇంత కష్టపడి నాకు చెప్పావు, ఇంట్లో చెప్పావా అని’ అంది ఆవిడ. ‘నవ్వింది. మీరైతే తలుపేస్తారు, అంతేగా, అంది.’

అలా అని, ఒళ్లోది చేటలోకి దులిపి, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను కాసేపు ఆ గుమ్మం ముందే ఉన్నాను.

బావ